సముద్రం పక్క, కొండ పక్క

ఫిబ్రవరి 3, మంగళవారం

నేను దారి తప్పానని చెప్పుకుంటున్నారు. చేపల బజారులో పుట్టి, మందుల దుకాణం మీదుగా, నిన్నటికి పాలవాడి నోటిదాకా వచ్చింది ఆ మాట. కనీసం ఒక్క కాగితం మీదైనా నిజం ఉండాలి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను దారి తప్పలేదు. ఈ ద్వీపానికి ఉన్నది ఒకే రోడ్డు. తీరం వెంబడి గాజులా చుట్టుకుని, బయలుదేరిన చోటికే తెచ్చి దింపుతుంది. గాజు మీద పాకే చీమ దారి తప్పుతుందా? కావాలని తప్పుదామన్నా ఇక్కడ రెండో దారి లేదు.

జరిగింది ఇది. మా రోడ్డు ఒక్క బండి పట్టేంత వెడల్పు. అందుకని పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా బండ్లన్నీ సముద్రాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని పోవాలి. మధ్యాహ్నం తిరిగాక కుడి చేతి వైపు ఉంచుకుని పోవాలి. ఎదురు బండి అన్న ప్రశ్న రాదు. వేళ మారగానే మలుపుల దగ్గరి కాపలావాళ్ళు, సముద్రం వైపు గట్టు మీదున్న స్తంభానికి తెల్ల జెండా దించి ఎర్రది ఎగరేస్తారు. ఎర్రది చూసినవాళ్ళు బండిని పక్కకు తీసి వెనక్కి తిప్పుకోవాలి. పోయిన గురువారం నేను కొండ మలుపు చేరేసరికి ఎర్ర జెండా ఎగరలేదు. అక్కడి కాపలావాణ్ణి ఊరంతా జెండా అనే పిలుస్తారు. పేరుకే జెండా, పని మాత్రం సున్నా. నేను ముందుకు పోయాను. ఎదురుగా చేపల లారీ. దాని డ్రైవరు హారను మోగించి మోగించి, చివరికి అంత పెద్ద లారీనీ వెనక్కి నడుపుకుంటూ పోయాడు. బజారులో బుట్టలు దింపుతూ అతనే అన్నాడట, పంతులమ్మగారు దారి తప్పి తిరుగుతున్నారు, పాపం అని.

దారి తప్పానన్నందుకు కాదు, ఆ పాపం అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈ ఇల్లు కట్టుకున్నదాన్ని. నన్ను పాపం అనే హక్కు ఒక లారీ డ్రైవరుకు ఎవరిచ్చారు?

మర్నాడే రోడ్ల ఆఫీసుకు వెళ్ళి ఇంజినీరు ముఖాన చెప్పాను. జెండాను పిలిపించారు. ఎగరేశానమ్మగారూ అన్నాడు. అయితే నాకు కళ్ళు లేవంటావా అన్నాను. తల దించుకున్నాడు. తప్పు చేసినవాడే కదా తల దించుకునేది.


ఫిబ్రవరి 5, గురువారం

వంటింటి గుమ్మానికి ఎడమ చెక్క ఉబ్బి బయటికి వచ్చింది. సముద్రపు గాలికి కొయ్య ఉబ్బడం మామూలే. నా ఎడమ భుజం రెండు చోట్ల కమిలింది. వడ్రంగికి కబురు పెట్టాలి.

కింది గదుల్లో మా చెల్లెలు ఉంటుంది. నాకన్నా పదేళ్ళు చిన్నది. భర్త పోయాక వచ్చి చేరింది. దీన్ని దయ అని ఎవరూ అనుకోనక్కర్లేదు, ఆమె అసలే అనుకోదు. ఆమె వండుతుంది, నేను బండి నడుపుతాను, అదీ ఒప్పందం. ఇల్లు కొండ మీద. బస్సు రాదు, కూరగాయల బండి కూడా ఎక్కలేదు. నా పాత కారు, దాని రంగును బట్టి నేను పావురాయి అని పిలిచేది, అది లేకపోతే ఈ ఇల్లు ఇల్లు కాదు, దిగడానికి మెట్లు లేని మేడ.

ఈ మధ్య చెల్లెలి వడ్డన అధ్వాన్నమైంది. ఇవాళ అన్నం ముగించి లేవబోతే, "సగం వదిలేశావేం అక్కయ్యా" అంటూ పళ్ళేన్ని అటు తిప్పి పెట్టింది. చూస్తే కూర. ఆలస్యంగా వడ్డించి, నేను వదిలేశానని నా మీదే వేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

కారు కొన్న కొత్తలో నేర్పమని కాళ్ళావేళ్ళా పడింది. నేను నేర్పలేదు. కుడేదో ఎడమేదో తెలియని మనిషికి స్టీరింగు ఇవ్వడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే. అన్నం తినే చెయ్యి కుడి అని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆగి, చెయ్యి చూసుకుని, అప్పుడు చెప్పేది. ఇప్పటికీ ఆమెకు ఉన్నవి రెండే దిక్కులు: సముద్రం పక్క, కొండ పక్క. ఇంట్లో కూడా. కళ్ళజోడు ఎక్కడుందే అంటే కొండ పక్క బల్ల మీద అంటుంది.


ఫిబ్రవరి 6, శుక్రవారం

వడ్రంగి వచ్చి చూశాడు. గుమ్మం తిన్నగానే ఉందట. ఈ కాలం వడ్రంగులకు మట్టం చూడటం కూడా రాదు.


ఫిబ్రవరి 8, ఆదివారం

చెల్లెలి సుపుత్రుడు పళ్ళు పట్టుకుని వచ్చాడు. అతను పళ్ళు తెచ్చాడంటే వెనక ఏదో ఉన్నట్టే. బీమా కంపెనీలో ప్రమాదాలు విచారించే ఉద్యోగం. ఎవరిది తప్పో తేల్చి పొట్ట పోసుకునేవాడికి తప్పులు వెతకడం ఊపిరి పీల్చినంత తేలిక. కూర్చున్న పది నిమిషాల్లో రిస్కు అన్న మాట ఎన్నిసార్లు అన్నాడో. రేవు దగ్గర వాళ్ళ అపార్టుమెంటులో వెనక గది ఖాళీగా ఉందట. గాలి బాగా వస్తుందట. ఎవరికైనా పనికొస్తుందట.

చివరికి బయటపెట్టాడు. వచ్చే ఆదివారం అందరం కలిసి సరదాగా తీరం చుట్టి వద్దామన్నాడు. తొందరేం లేకుండా, మధ్యాహ్నం దాకా పోయి, ద్వీపం చివర ఇసుక మీద తిని, నెమ్మదిగా వద్దామన్నాడు. "నువ్వే నడుపు పెద్దమ్మా. నేను వెనక సీటులో కాళ్ళు చాపుకుని కూర్చుంటా" అన్నాడు. ఎప్పుడూ నా కారు ఎక్కనివాడు. ఎక్కితే నడుము పట్టేస్తుందనేవాడు.

వెళ్ళేటప్పుడు మెట్ల కింద తల్లితో అంటున్నది పైకి వినిపించింది. ఈ ఇంటి మెట్లు మాట దాచవు. "నేనొక్క కాగితం రాస్తే లైసెన్సు పోతుందమ్మా. కానీ నేను రాసి తీయించానని ఆవిడ చచ్చేదాకా నన్ను తిడుతుంది. తను నడుపుతుంటే మనం కళ్ళారా చూద్దాం, అప్పుడు తనే తాళాలు చేతిలో పెడుతుంది." చెల్లెలు ఏమందో వినపడలేదు. ఆమె గొంతు తగ్గించినప్పుడల్లా ఏదో కొంప ముంచుతుంది.

అంటే ఇది షికారు కాదు, పరీక్ష. ముప్పై ఏళ్ళు పరీక్షలు పెట్టినదానికి పరీక్ష. రానీ. ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చింది.


ఫిబ్రవరి 10, మంగళవారం

జెండాను మలుపు నుంచి తీసేసి, కొండచరియ కింద రాళ్ళు ఎత్తే పనిలో వేశారట. చెల్లెలు ఈ సంగతి చెప్పి నా ముఖంలోకి చూసింది. మంచి పని చేశారన్నాను.


ఫిబ్రవరి 14, శనివారం

పావురాయిని కడిగాను. ఎడమ వైపు తలుపు మీద ఒక గీత ఉంది. ఎవరో సంతలో గీసి ఉంటారు. బ్రేకులు బాగున్నాయి.


ఫిబ్రవరి 15, ఆదివారం

గెలిచాను. పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. ఇంకా ఎండ బల్ల మీద ఉంది, వరసగా రాస్తాను.

పొద్దున బయలుదేరబోతే చెల్లెలు వెనక కూర్చోకుండా ముందు సీటులో నా పక్కన చేరింది. వెనక సీటు ఆమెది, ఎప్పుడూ. నడుం నొప్పి అంది. సుపుత్రుడు వెనక కాళ్ళు చాపాడు గానీ కళ్ళు మాత్రం నా మెడ మీదే పెట్టాడు. అద్దంలో కనిపిస్తూనే ఉంది.

కొండ దిగి రోడ్డెక్కామో లేదో చెల్లెలి నోరు మొదలైంది. నోటికి తాళం వేసి తాళంచెవి పారేయాలనిపించేంత వాగుడు. సముద్రం పక్క సైకిలు మీద ముసలాయన, అక్కయ్యా. సముద్రం పక్క మేకలు. సముద్రం పక్క వల ఆరేశారు, అంచు రోడ్డు మీదికొచ్చింది చూడు. సముద్రం పక్క గట్టు విరిగింది. ఇద్దరు ఆడవాళ్ళు, నెత్తిన బుట్టలు. ఒక్కో మాటకు నేను బండిని కొంచెం ఇటు తెచ్చుకుంటూ పోయాను. ఏ డ్రైవరైనా తెచ్చుకుంటాడు. నాకు చెప్పాలా? నోరు మూసుకోమన్నాను. మూసుకోలేదు. చివరికి కొడుకే విసుక్కున్నాడు, "కాసేపు ఆపవే అమ్మా, పెద్దమ్మని నడపనీ" అని. "నా అక్క, నా నోరు. మధ్యలో నీకెక్కడ నొప్పి?" అంది.

కొండ పక్క అంతా ముచ్చటగా ఉంది. చరియల పొడుగునా నీటి చారలు, వాటి వెంట పచ్చటి నాచు, రాతి సందుల్లో ఊదా పూల తీగలు. బడి గోడకు కొత్త సున్నం. టీ కొట్టు ముందు బల్ల మీద ముగ్గురు కూర్చుని మేం వెళ్ళేదాకా చూశారు. దారి తప్పిన పంతులమ్మను చూసుకోండి అనుకున్నాను. సముద్రం గురించి రాయడానికి మాత్రం ఏమీ లేదు. ఈ ఏడాది సముద్రం వెలవెలబోయింది. పొద్దుట పూట అటు చూడబుద్ధి కావడం లేదు.

కొండ మలుపు దాటాక చరియ కింద జెండా కనిపించాడు. తలకు గుడ్డ చుట్టుకుని గంపలోకి రాళ్ళు ఎత్తుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నడుము నిలబెట్టి, నా కళ్ళలోకి చూసి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. సుపుత్రుడు అది చూశాడు.

ఆ తర్వాత వంపులో వెనక నుంచి సుపుత్రుడు, "అబ్బా, చూశావా పెద్దమ్మా" అన్నాడు. రోడ్డు మీద దృష్టి ఉన్నవాళ్ళు పక్కచూపులు చూడరు. అయినా చూడలేదంటే దాన్నే పట్టుకుంటాడు. చూశాను అన్నాను. "పెద్దదే కదా" అన్నాడు. పెద్దదే అన్నాను. చెల్లెలు ఆ ఒక్క క్షణం నోరు మూసుకుంది.

ద్వీపం చివరికి తెల్ల జెండా ఉండగానే చేరాం. ఇసుక మీద చాప పరిచి కూర్చున్నాం. తిండి మధ్యలో అల వచ్చి సుపుత్రుడి చెప్పుల్లో ఒకటి పట్టుకుపోయింది. చాప పైకి జరుపుకున్నాం. మళ్ళీ తడిసింది, మళ్ళీ జరుపుకున్నాం. బీమా కంపెనీ మనిషి ఒంటి చెప్పుతో అల వెంట పరుగెత్తడం ఈ ప్రయాణంలో నాకు దక్కిన వినోదం. చెల్లెలు నా పళ్ళేన్ని నేలమీద అటూ ఇటూ తిప్పుతూ వడ్డించింది. వడ్డన బాగుపడినట్టుంది, ఇవాళ దేన్నీ వదల్లేదు.

మధ్యాహ్నం ఎర్ర జెండా చూసుకుని అదే దారిన వెనక్కి బయలుదేరాం. ఇప్పుడు సముద్రం కుడి పక్క. ఏమైందో గాని సముద్రం మారిపోయింది. రాళ్ళ మీద విరిగే నురగ, నీలి రంగు వేసిన కొత్త రేవు బల్లలు, బారులు తీరిన పడవలు, ఒక పడవ ముక్కు మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటున్న నల్ల నీటికాకి. పొద్దున ఏవీ లేవు. చెల్లెలు ఇప్పుడు కొండ పక్క వల్లించడం పట్టుకుంది. కొండ పక్క మేకలు, కొండ పక్క కట్టెల మోపు, రోడ్డు మీదికి జారింది.

వంపు తిరిగేసరికి ఓడ. గట్టుకు ఎంత దగ్గరంటే దాని తుప్పు కూడా కనిపిస్తోంది. ఎర్రటి పొట్ట పైకి పెట్టి, రాళ్ళ మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మా కాలేజీ కట్టడమంత ఉంది. "ఇదెప్పుడొచ్చింది?" అన్నాను.

అద్దంలో సుపుత్రుడు నిటారుగా లేచి కూర్చున్నాడు. "పెద్దమ్మా, పొద్దున నేను చూపించింది దీన్నే కదా. చూశానన్నావు."

నేను నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది. "పొద్దున పోటు మీదుందిరా. ఓడ సగం నీళ్ళలో ఉంది, పైభాగమే కనిపించింది. ఇప్పుడు ఆటు కదా, మొత్తం బయటపడింది. అందుకే అక్కయ్యకి వేరేదిలా ఉంది. నువ్వు చదువుకున్నది బీమా, సముద్రం కాదు." అతను మళ్ళీ సీటుకు ఆనుకున్నాడు. చదువుకున్నవాణ్ణి తల్లి తెలివితక్కువవాణ్ణి చేస్తే వాడికి వేరే కోర్టు లేదు.

కొండ మలుపు దగ్గర చెల్లెలు ఉన్నట్టుండి "కొండ పక్క జెండా, అక్కయ్యా, మనిషి" అంది. గొంతు మామూలుగా లేదు. బ్రేకు మీద కాలు పెట్టి ఇటు లాగాను. అక్కడ ఎవరూ లేరు. దాటాక లోపలి అద్దంలో చూస్తే ఉన్నాడు, గంపతో, రోడ్డు అంచున. మేం వెళ్ళాక వచ్చి నిలబడ్డట్టున్నాడు.

ఇల్లు చేరాక సుపుత్రుడు ఒంటి చెప్పుతో దిగి, బాగానే నడిపావు పెద్దమ్మా అన్నాడు. ఆ మాట అతని పంటికింద రాయిలా కటకటలాడింది. తాళాలు నా బొడ్డున ఉన్నాయి.


ఫిబ్రవరి 16, సోమవారం

పోటు కాదు.

పొద్దున కాఫీ తాగుతుంటే తట్టింది. మేం తింటున్నప్పుడు అల పైకి పైకి వచ్చింది. చాపను రెండుసార్లు జరిపాం, చెప్పు పోయింది. అంటే మధ్యాహ్నానికి సముద్రం పోటెక్కుతోంది. పొద్దున నీళ్ళు లోపలికి తగ్గి ఉండాలి. ఓడ పొద్దునే ఎక్కువ బయట ఉండాలి, మధ్యాహ్నం తక్కువ. చెల్లెలు చెప్పింది సరిగ్గా తలకిందులు.

ఆటుపోట్ల సంగతి ఆమెకు తెలియక అలా అందనుకోవచ్చు. కానీ ఆమె చిన్నప్పటి నుంచి గవ్వలు ఏరింది ఈ ఒడ్డునే. ఎప్పుడు నీళ్ళు తగ్గుతాయో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

అబద్ధం చెప్పింది. ఎందుకు?


ఫిబ్రవరి 17, మంగళవారం

ఎదుటి గోడ మీద సుద్దముక్కతో గుణకారం గుర్తు గీశాను. దానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కన్ను గుర్తు మీదే నిలిపి, పొడుగు కట్టెకు చెంచా కట్టి కుడి వైపు నుంచి తెచ్చాను. భుజం దగ్గరే మెరిసింది. ఎడమ వైపు నుంచి తెచ్చాను. రాలేదు. రాలేదు. గుర్తు దాకా వచ్చాక, గోడలోంచి ఊడిపడ్డట్టు కనిపించింది. కన్ను మార్చి మళ్ళీ చేశాను. అంతే. ఒక పరిశీలన చాలదని పిల్లలకు చెప్పేదాన్ని కాబట్టి, కుర్చీ జరిపి, కిటికీ మూసి, తెరిచి, మళ్ళీ మళ్ళీ చేశాను. ఫలితం మారలేదు.

రెండు కళ్ళూ ఒకేలా ఎడమ సగాన్ని వదిలేస్తున్నాయంటే లోపం కళ్ళలో లేదు. కళ్ళ వెనక, తలలో ఉంది. ఆ తల లోపలి బొమ్మ కాలేజీలో మా పక్క గదిలో జీవశాస్త్రం చెప్పే ఆవిడ గీసేది. నేను వెలుగును కంటి లోపలికి చేర్చి, ఆపైన నా బాధ్యత కాదని సుద్ద కింద పెట్టేదాన్ని.

నాకు అర్థం కాకపోయింది ఒకటే, ఇన్నాళ్ళూ తెలియకపోవడం ఎలా అని. కనిపించని చోటు నల్లగా ఉంటుందనుకున్నాను. ఉండదు. గోడ గోడలాగే ఉంది, నిండుగా, ఏ లోటూ లేకుండా. చెంచా మాత్రం లేదు.

గుమ్మం తిన్నగానే ఉంది.

ఎర్ర జెండా ఎగరేసే ఉన్నాడు.

నిన్నగాక మొన్న అతను కొండ పక్కన గంపతో నిలబడి ఉన్నాడు. మేం వెళ్ళాక వచ్చి నిలబడలేదు.


ఫిబ్రవరి 18, బుధవారం

ఈ పూట పళ్ళేన్ని నేనే తిప్పుకున్నాను. కూర ఉంది.


ఫిబ్రవరి 19, గురువారం

కిందికి వెళ్ళాను. చెల్లెలు చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే అడిగాను, ఎప్పటి నుంచి తెలుసని. దేని గురించని ఆమె అడగలేదు.

పళ్ళెంలో సగం వదలడం మొదలైనప్పటి నుంచట. ఎందుకు చెప్పలేదంటే నవ్వింది. "చెప్తే వినేదానివా? గుమ్మం మీదే కేసు పెట్టావు. ఆ వడ్రంగి ఇంకా నన్ను చూసి నవ్వుతాడు."

ఆదివారం నాటి వాగుడు వాగుడు కాదని అప్పటికి నాకు తెలుసు. అయినా ఆమె నోటి నుంచి వినాలనిపించింది. విన్నాను. కొడుకు పరీక్ష పెడుతున్నాడని తెలిసి, నా పక్క సీటులో కూర్చుని, నేను చూడని సగాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చెవిలో పోసింది. ఓడ మాట మాత్రం ముందే అనడం మరిచింది. రోడ్డు మీద లేనిది కదా, గుద్దుకోదు కదా అనుకుందట.

అంటే ఆదివారం పావురాయిని నడిపింది నేను కాదు, ఈమె నోరు. గెలిచానని రాసుకున్నాను. పైన అలాగే ఉంది, కొట్టేయను.

నా మీద అంత జాలి ఎప్పుడు పుట్టిందని అడిగాను. గింజను పళ్ళెంలో టంగుమని వేసింది.

"జాలా? నీ మీదా? నీ తాళాలు పోతే నన్ను కూడా కదా వాడి వెనక గదిలో వేసేది. ఒకటే గది, అక్కయ్యా. నీ గురక పక్కన నేను బతకలేను. నా వంటిల్లు నాక్కావాలి, అందుకు నీ బండి కావాలి. అంతే."

ఆ జవాబు నాకు నచ్చింది. ఆమె మీద కోపం మాత్రం తగ్గలేదు. వాగుతున్నప్పుడు ఒక్కసారి, ఒక్క క్షణం, ఆమె దగ్గో తుమ్మో వచ్చి ఆగి ఉంటే? జెండా అక్కడ ఉన్నాడు. ఆ మాట అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. తర్వాత, "ఆ మలుపులో నా గుండె ఆగిపోయింది. ఆ క్షణం నుంచి నీకెలా చెప్పాలా అని ఈ గింజలే తీస్తున్నా" అంది.

పైకి వచ్చేశాను. ఒకరి నోటి మీద ఆధారపడి బండి నడపడం కన్నా దాన్ని కొండ మీంచి తోసేయడం మర్యాద. ఒక మనిషి ప్రాణం ఆమె ఊపిరికీ నా కాలికీ మధ్య వేలాడకూడదు.


ఫిబ్రవరి 20, శుక్రవారం

అన్నీ అయ్యాయి. ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున చెల్లెలు స్నానానికి వెళ్ళగానే కొండ నడిచి దిగాను, ఎడమ చెయ్యి గట్టుకు ఆనించుకుంటూ. రోడ్డు చేరేసరికి వచ్చిన మొదటి బండి చేపల లారీ. అదే లారీ, అదే మీసం. ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, మళ్ళీ దారి తప్పారా అమ్మగారూ అన్నాడు. తలుపు తియ్యమన్నాను. ఎక్కి కూర్చున్నాను. మంచు కరిగిన చేపల నీళ్ళు చెప్పుల్లోకి వచ్చాయి.

"ఊరంతా ఒక మాట చెప్పావు కదా, ఇప్పుడు ఇంకో మాట చెప్పు. ఒక్క అక్షరం మార్చకు. పంతులమ్మ దారి తప్పలేదు. ఎర్ర జెండా ఎగిరే ఉంది. ఆవిడకి కనిపించలేదు."

అతను గేరు మార్చి, ఇది ఎవరూ నమ్మరండీ, మొదటిదే బాగుంది అన్నాడు. నమ్మేదాకా చెప్పమన్నాను. పాపం అన్న మాట మాత్రం వాడొద్దన్నాను.

రోడ్ల ఆఫీసులో ఇంజినీరు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. జెండా తప్పు లేదని, తప్పంతా నాదేనని, అతన్ని సోమవారానికల్లా మలుపు దగ్గర చూడకపోతే ఆయన పైవాళ్ళ దగ్గరికి వెళ్తానని చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. ఆయన బల్ల మీద ఎడమ వైపు ఏముందో చెప్పమంటే చెప్పలేనని, కావాలంటే పరీక్షించుకోమని అన్నాను. పరీక్షించాడు. నమ్మాడు. బయటికి వస్తుంటే వరండాలో జెండా కనిపించాడు, కూలీ సంతకానికి వచ్చినట్టున్నాడు. నీ జెండా ఎగిరే ఉందని లోపల చెప్పి వచ్చానన్నాను. అతను నమస్కారం పెట్టలేదు. "ఆ మాట ఆ రోజే అనాల్సింది" అన్నాడు. నిజమే. నేనైనా అదే అనేదాన్ని.

డాక్టరును కూడా చూశాను. నేను సుద్దతో తేల్చినదాన్నే ఆయన అర్థం కాని మాటల్లో చెప్పాడు. తలలో చిన్న రక్తనాళం ఎప్పుడో నిద్రలో పూడిందట. మాత్రలు రాసిచ్చాడు. ఉన్న సగం పోకుండా అవి కాపాడతాయట.

ఆపైన రవాణా ఆఫీసు. లైసెన్సు బల్ల మీద పెట్టి, తిరిగి ఇస్తున్నానన్నాను. గుమాస్తా ఎగాదిగా చూశాడు. లాక్కోవడం వాళ్ళకు తెలుసు, ఇచ్చేవాళ్ళను చూసి ఉండరు. సుపుత్రుడు కాగితం రాయాలనుకుంటే ఇక రాసుకోవచ్చు. రద్దు చేయించడానికి అక్కడ ఏమీ లేదు.

చివరగా బజారు పక్కనున్న డ్రైవింగు బడి. ఒక విద్యార్థినిని చేర్చుకోమన్నాను. వయసెంతని అడిగారు. వంట చేసి, మెట్లెక్కి, రోజంతా వాగగలిగే వయసన్నాను. కుడి ఎడమలు తెలియవు, నేర్పే ప్రయత్నం చేయొద్దు, దండగ, సముద్రం పక్క, కొండ పక్క అని చెప్పండి, ఈ ద్వీపంలో అవి చాలు అన్నాను. సోమవారం పొద్దుట నుంచి క్లాసు. బడివాళ్ళే కొండ మీదికి వచ్చి తీసుకెళ్తారు.

ఈ కారు కొన్న కొత్తలోనే ఆమె అడిగింది. అప్పుడే నేర్పి ఉండాల్సిందని రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు కింద పోపు చిటపటలాడుతోంది. ఎక్కడికెళ్ళావని ఆమె అడగలేదు, చెప్పుల్లో చేపల వాసన వస్తోందని మాత్రం తిట్టింది. ఆదివారం ఆమె కొడుకు పళ్ళతో వస్తాడు. సోమవారం పొద్దున తాళాలు ఆమె కాఫీ గ్లాసు పక్కన పెడతాను. ఏడుస్తుంది, చేతకాదంటుంది, వయసంటుంది. వినను. ఆమె లైసెన్సు వచ్చేదాకా పావురాయి షెడ్డులో ఉంటుంది, ఇద్దరం నడిచి దిగుతాం.

తర్వాత ఆమె స్టీరింగు ముందు, నేను ఎడమ సీటులో. ఆ సీటులోంచి పొద్దుట పూట సముద్రం నాకు కనిపించదు, మధ్యాహ్నం కొండ కనిపించదు. ఆమె మాత్రం నాకు కుడి పక్కన ఉంటుంది. ఆమె చేసే ఏ ఒక్క తప్పూ నా కన్ను దాటిపోదు.